పసుపు కలిపిన మన్ను

రోహిణి కార్తె, పెళ్ళికి వారం ముందు

చూసిన జాగా: ఇప్పచెట్టు కింద, ఉత్తరం పక్క. చూసినవారు: తునికిగుంట నేల చూపరి ఓదెమ్మ, అంటే నేనే.

దోసెడు ఆకుచెత్త తెచ్చి గరాటులో వేసి పైన దీపం వెలిగించాను. వేడి తగలగానే లోపలి పురుగులు చల్లదనం వెతుక్కుంటూ కిందికి దిగుతాయి. దిగి దిగి గరాటు మూతిలోంచి గిన్నెలో పడతాయి. నా కొలువంతా ఇంతే. దీపం మాత్రం మా ముత్తాతలది. బొగ్గు తవ్వే రోజుల్లో నెత్తికి కట్టుకున్నదట. బొగ్గు అయిపోయింది, దీపాలు మిగిలాయి.

మధ్యాహ్నం భూతద్దం పెట్టి చూస్తే గిన్నె కిటకిటలాడుతోంది. మన్నులో బతికే మంటి నల్లులే ఎక్కువ. గుండ్రంగా, గోధుమ రంగులో, ఆవగింజ పక్కన పెడితే ఆవగింజే ఏనుగులా కనిపించేంత చిన్నవి. గెంతుడు పురుగులు, రోకలిబండ పురుగులు, ఒక జెర్రి పిల్ల, తోకలేని తేలు ఒకటి. రాలిన ఆకును కొరికి, నమిలి, మళ్ళీ మన్ను చేసేది ఇవే. పూల మీద తిరగడానికి మిషను ఈగలు వచ్చాయి కానీ ఆకును కుళ్ళబెట్టే మిషను ఇంతవరకు ఎవరూ చేయలేకపోయారు. కాబట్టి అడవి ఆరోగ్యంగా ఉందని రాస్తున్నాను.

రాసి చేతులు గోక్కున్నాను. ఈ నల్లుల్లో ఒక రకం ఒంటి మీదికి ఎక్కితే దురద పుడుతుంది. ప్రాణానికేం కాదు గానీ మా గుంటకు ఆ దురదే పేరు తెచ్చింది. మా ఆడబిడ్డ పెళ్ళప్పుడు ఆమె అత్తింటికి మోసుకుపోయే ఒడి మన్నులోంచి నల్లులు లేచి పెళ్ళివారి చంకల్లో దూరాయి. కార్తె గడిచేదాకా వాళ్ళు గోక్కుంటూనే ఉన్నారు. అప్పటి నుంచి మమ్మల్ని తునికిగుంట అనేవాళ్ళు లేరు. గజ్జిగుంట అంటారు. పాలపళ్ళు ఊడని పిల్లలు కూడా అంటారు.

ఇప్పుడు నా బిడ్డ జమున పెళ్ళి. అల్లుడు సదయ్యది అద్దాలగుంట. పై ఎండలకు తాళలేక జనం పాత బొగ్గుగుంటల్లోకి దిగి అడవులు పెంచుకున్నాక వాటన్నిటిలో పెద్దది అదే. గుంట అంచున నిలబెట్టి ఎండను లోపలికి మళ్ళించే అద్దాలు వాళ్ళవి ఇంటి గోడంత ఉంటాయి. మా అద్దాలు తుడిచేది నా పెనిమిటి రాజలింగం. ఎంత తుడిచినా మా వెలుతురు మజ్జిగలో నీళ్ళు కలిపినట్టే ఉంటుంది.

అంత గుంటవాళ్ళు మా ఇంటికి వస్తున్నారు. వాళ్ళ ముందు ఒకరు కూడా గోక్కోకూడదని నా మొక్కు.

రోహిణి కార్తె, పెళ్ళికి ముందు రోజు

వియ్యపురాలు బుచ్చక్క ఫోను చేసింది.

"వదినె, పెట్టుపోతలు మాకేం వద్దు. ఒడి మన్ను మాత్రం నిండుగ పొయ్యిండ్రి."

"నిండుగనే పోస్తం వదినె."

"మంచి మన్ను పొయ్యిండ్రి," అని మళ్ళీ అంది. గొంతులో ఏదో బతిమాలుతున్నట్టు ఉంది. నాకు మాత్రం మంచి మన్ను అంటే గజ్జి లేని మన్ను అని తోచింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకం నేను.

పూర్వం ఆడపిల్ల ఒడిలో బియ్యం పోసి అత్తింటికి పంపేవారట. గుంటల్లో మన్ను పోస్తాం. పుట్టింటి అడవి నేల నుంచి తీసిన ఆకుమన్ను, అందులో కదిలే సమస్తంతో సహా. పెళ్ళికూతురు దాన్ని మోసుకుపోయి అత్తింటి గుంటలో ఏదో ఒక పెద్ద చెట్టు మొదట్లో పోస్తుంది. నల్లి తనంతట తాను ఎండలో నడిచి ఇంకో గుంటకు పోలేదు కదా. పోసిన మన్ను మీద కొత్త ఆకు పరుస్తారు. ఆ ఆకు నల్లబడి చిల్లులు పడితే ఒడి పట్టినట్టు. పుష్యమి కార్తె దాటేలోపు పట్టకపోతే కోడలు పుట్టింటికి తిరిగి పోవాలి. మా దగ్గర ఈ ఆనవాయితీ సడలిపోయింది గానీ అద్దాలగుంటలో ఇంకా గట్టిగానే పాటిస్తారు.

ఇవన్నీ తెలిసిన నేను ఈ రోజు చేసిన పని రాస్తాను. ఇప్పచెట్టు కింది మన్ను తవ్వి తెచ్చాను. తట్టలో పోస్తే తట్ట అంతా కదిలింది. ఎప్పుడూ చూసేదే, ఈసారి పెళ్ళివారి కళ్ళతో చూశాను. పెద్ద జల్లెడ పట్టాను. జెర్రులు, రోకలిబండలు, పేడపురుగులు ఏరేశాను. మన్ను ఇంకా గడ్డలు గడ్డలుగా మోటుగా ఉంది. గడ్డలన్నీ చిదిమి పిండి జల్లెడ పట్టాను. అయినా అక్కడక్కడ మినుకు మినుకుమని కదులుతోంది. అప్పుడు పసుపు తీశాను.

చిటికెడు వేద్దామనే తీశాను, శుభానికి. చిటికెడుకు రంగు రాలేదు. దోసెడు కలిపాను.

పసుపు దగ్గర నల్లి నిలవదని ఈ గుంటలో నాకంటే బాగా తెలిసిన మనిషి లేదు. పైపైన ఉన్నవే పోతాయి, లోపలివి ఉంటాయి అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. చిదిమి పిండి చేసిన మన్నుకు లోపల ఎక్కడిది?

రాజలింగం అద్దాల మీది నుంచి దిగి వచ్చి తట్ట చూశాడు.

"ఏందే, మన్నుకు సుత మంగళస్నానం చేపిచ్చినవా?"

"నవ్వకు. పరువుగల్లోళ్ళు వస్తాండ్రు."

ఆయన కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

రోహిణి కార్తె, పెళ్ళి మరునాడు

పెళ్ళి బాగా జరిగింది. ఒక్కరు గోక్కోలేదు.

బుచ్చక్క నా బిడ్డ ఒడిలో చెయ్యి పెట్టి మన్ను వేళ్ళ మధ్య జార్చింది. "ఎంత మెత్తగున్నది వదినె, ఇబూది లెక్క," అంది. చుట్టూ ఉన్న అద్దాలగుంట ఆడవాళ్ళు కూడా ముట్టుకుని చూశారు. బంగారం రంగు మన్ను ఎక్కడా చూడలేదన్నారు. నేను పొంగిపోయాను. మా సర్దారు కొమురెల్లి, గుంట పెద్దమనిషి, అందరి ముందు నన్ను మెచ్చుకున్నాడు.

జమున ఒడి మీద దుప్పటి కప్పుకుని సొరంగం బండి ఎక్కింది. కుదుపులకు మన్ను ఒలకకుండా రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది. బండి కదిలేటప్పుడు కూడా నాకు చెయ్యి ఊపలేదు, మన్ను వదలాల్సి వస్తుందని.

మృగశిర కార్తె

ఈ రోజు కప్పు కింది గొట్టాలు తెరిచి మొదటి వాన కురిపించారు. మన్ను వాసనకు పిల్లలంతా అడవిలోకి పరుగెత్తారు. నేలలో పురుగు బాగుంది.

జమున ఫోను చేసింది. అల్లుడు మంచివాడట. వంటలో పులుపు ఎక్కువ తింటారట. తర్వాత గొంతు తగ్గించింది.

"అవ్వా, గీళ్ళ అడవిల నడుస్తాంటే చప్పుడైతాంది."

"ఏం చప్పుడే?"

"ఆకుల చప్పుడు. మోకాళ్ళ లోతు ఉన్నయ్. నిరుడువి, మొన్నేటివి, ఏ ఏటివో. ఒక్కటి సుత కుళ్ళలే. ఎత్తి చూస్తే ఈనెలు సుత అట్లనే ఉన్నయ్. చెట్లు పసుపుపచ్చగైతానయ్. బయటోళ్ళను లోపలికి రానియ్యరట, సిగ్గని."

ఆకు కుళ్ళడం లేదంటే నేలలో నల్లి లేదు. నేల తినడం మానేసింది, చెట్లకు తిండి అందడం లేదు. పైన పటారం, లోన లొటారం. వాళ్ళు నా బిడ్డ మోసుకొచ్చే పురుగు కోసం ఆకలితో ఉన్న ఇంటివాళ్ళలా కాచుకుని ఉన్నారు. బుచ్చక్క ఫోనులో బతిమాలింది అందుకే. ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పడానికి ఆమెకు సిగ్గు. ఉన్న మన్ను ఉన్నట్టు ఇవ్వడానికి నాకు సిగ్గు.

"మా అత్త దినాం పొద్దుగాల లేచి నా మన్ను కాడికి పోయి వంగి చూస్తది అవ్వా. నీళ్ళు సల్లుతది. దండం సుత పెడ్తది."

దొంగకు తేలు కుట్టినట్టయింది నాకు. జర జాగ్రత్త బిడ్డా అని ఫోను పెట్టేశాను.

ఆరుద్ర కార్తె

ఆరుద్ర పురుగులు లేచాయి. ఎర్రటి మఖమల్ గుడ్డ ముక్కల్లా వానకు తడిసిన నేల మీద పాకుతున్నాయి. ఏటా వాటిని చూడగానే నాకు పండగ. ఈ ఏడు చూడబుద్ధి కాలేదు.

పెళ్ళికి కలిపిన మన్ను అడుగూ బొడుగూ తట్టలో మిగిలి ఉంది. దాన్ని గరాటులో వేసి దీపం పెట్టాను. ఒకవేళ ఏమైనా పడుతుందేమో అని ఆశ. సాయంత్రం దాకా కూర్చున్నాను. గిన్నెలో పసుపు పొడి రాలింది, అంతే.

సర్దారు కొమురెల్లి ఇంటికి వెళ్ళి ఉన్న సంగతి చెప్పాను. కొత్తగా మన్ను పంపిద్దాం అన్నాను. ఆయన చుట్ట ఆర్పాడు.

"ఒడి ఒక్కపారి పోస్తం అక్కా. రెండోపారి పంపితే మొదటిది సచ్చిన మన్నని ఒప్పుకున్నట్టు. ఇగ మన పిల్లలను ఎవలు చేసుకుంటరు?"

"మరి వాళ్ళు జమునను ఎనుకకు పంపిస్తే?"

"వాళ్ళ నేలనే మంచిగ లేదందాం. ఎట్లాగు లేదు గద."

ఆయన మాట తప్పు కాదు, వాళ్ళ నేల బాగాలేని మాట నిజమే. ఇంటికి వస్తూ ఆ మాటను నాలుగుసార్లు అనుకుని చూశాను. నోట్లో ఇమడలేదు.

పునర్వసు కార్తె

ఈ రోజు నేల చూడలేదు. చూడకుండా చూసినట్టు రాయడం ఒక్కటే ఇంకా చేయని తప్పు, అది కూడా చేయలేను.

జమున ఫోను. ఏడుస్తున్నట్టు తెలియనివ్వకుండా మాట్లాడుతోంది.

"పట్టలేదవ్వా. పరిచిన ఆకు పరిచినట్టే ఉన్నది. గొడ్డు ఒడి అంటాండ్రు. మా అత్త ఏమంటలేదు గని ఆమె కన్నీళ్ళు చూడలేకపోతాన. మూడేండ్ల కింద పెద్దకోడలు సుగుణక్కను గిట్లనే పంపిండ్రట. మా బావ అప్పటిసంది ఎవలతోని మాట్లాడడు."

"నువ్వేం బాధపడకు."

"నాదే తప్పేమో. బండిల దుప్పటి గట్టిగ కప్పిన. గాలాడక సచ్చినయేమో. నేను తీసి చూడవల్సి ఉండె."

ఆమె రెండు చేతులూ అడ్డం పెట్టుకుని బండిలో కూర్చున్నది నా కళ్ళ ముందు మెదిలింది. ఇక తట్టుకోలేకపోయాను.

"నువ్వు కాదు బిడ్డా. నేను పసుపు కలిపిన. పిండి జల్లెడ పట్టిన. నువ్వు మోసుకపోయేటప్పటికే అండ్ల ఏం లేదు."

"తెలిసే చేసినవా?"

"తెలిసే చేసిన."

"నాకోసం చేసిన్నని మాత్రం అనకవ్వా."

అనబోతున్న మాట అదే.

తర్వాత ఇంకో మాట అంది. "ఈడ ఎవలకు చెప్పకు. గొడ్డు ఒడంటే నన్నొక్కదాన్నే అంటరు. గిది తెలిస్తే నిన్నంటరు." ఇంత జరిగాక కూడా ఆ పిల్ల నన్ను కాపాడాలని చూస్తోంది. పుట్టి బుద్ధెరిగాక ఇంత సిగ్గు నేనెప్పుడూ పడలేదు.

పుష్యమి కార్తె, మొదటి రోజు

ఎవరినీ అడగలేదు. ఇప్పచెట్టు కింద, చెత్తంతా మురిగి నల్లగా ఉన్న చోట తవ్వాను. గడ్డలు చిదమలేదు, ఏదీ ఏరలేదు. చీర కుచ్చిళ్ళు ఎత్తి ఒడి కట్టుకుని అందులో పోసుకున్నాను. తట్టలో పెట్టి తీసుకుపోవచ్చు కదా అన్నాడు రాజలింగం. ఒడి మన్ను ఒడిలోనే పోవాలన్నాను. ఆయన నన్ను సొరంగం బండి దాకా దిగబెట్టాడు. దారి పొడుగునా ఒక్క ఎగతాళి మాట కూడా అనలేదు, దాంతో నాకు ఇంకా భయం వేసింది.

బండిలో మాత్రం కావలసినంత ఎగతాళి. "ఈ వయసుల పెండ్లా అవ్వా? పిలగాడు ఎవలు?" అని ఒక నడివయసు ఆడమనిషి అడిగింది. అందరూ నవ్వారు. కాసేపటికి నా మెడ మీద ఏదో పాకింది. జెర్రి ఒకటి ఒడిలోంచి లేచి భుజం మీదుగా దిగింది. పక్కనున్నవాళ్ళు ఒక్కొక్కరే లేచి వెనక్కి పోయారు. ఒళ్ళంతా దురద. చెయ్యి తీస్తే మన్ను ఒలుకుతుంది. అద్దాలగుంట వచ్చేదాకా పళ్ళు బిగించి కూర్చున్నాను.

గుంట మూతి దగ్గర ఒక ముసలి కావలి మనిషి కుండలో వేపాకు పొగ రాజేసి ఉన్నాడు.

"ఏ గుంట అక్కా?"

"తునికిగుంట."

"ఓ, గజ్జిగుంటనా. అయితే జెర ఎక్కువనే పట్టాలె." కుండ ఎత్తి నా ఒడి మీదికి తెచ్చాడు.

వెనక్కి జరిగాను. "పొగ వద్దు. ఇండ్ల పానం ఉన్నది."

"అందరికీ పడ్తమక్కా, దురద రోగం రాకుండ. కోడండ్లకు సుత పట్టినం. ఒడి ఇప్పిచ్చి మరీ పట్టినం."

ఆ మాట వినగానే నా గుండె తేలికైంది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది గానీ నిజం అదే. పొగ. వేపపొగ నల్లికి యముడు. వీళ్ళ నేల ఎందుకు ఇలా అయిందో, వచ్చిన ఒడి ఎందుకు పట్టడం లేదో ఒక్క కుండలో తేలిపోయింది. ఇంత నేరం వీళ్ళు చేసుకుంటుంటే నా దోసెడు పసుపు ఎవరికి లెక్క?

గొడవ విని జనం పోగయ్యారు. బుచ్చక్క వచ్చింది, వెనకే జమున. నన్ను ఆ అవతారంలో చూసి ఇద్దరూ ఆగిపోయారు. నేను నేల చూపరి గొంతుతో చెప్పాను. పొగ పట్టిన మన్ను చచ్చిన మన్ను అని, మీ చేతులతో మీరే చంపుకున్నారని. అందరూ తలలు దించుకున్నారు. కావలి ముసలాయన కుండ కింద పెట్టి దాని పక్కనే కూలబడ్డాడు. బుచ్చక్క వచ్చి నా చేతులు పట్టుకోబోయింది. నా మన్ను గురించి ఒక్కటంటే ఒక్క మాట ఎవరూ అడగలేదు.

జమున నా మొహం వైపు చూసి, చూపు పక్కకు తిప్పుకుంది.

"ఆగు వదినె," అన్నాను. "మీరు పొగ పట్టకముందే నేను పసుపు పట్టిన. మా మన్ను చూస్తే మీరు నవ్వుతరని జల్లెడ పట్టి, దోసెడు పసుపు కలిపి పంపిన. మీ పొగకు సావనీకె అండ్ల ఏం మిగల్లేదు."

తిట్టిపోస్తారని అనుకున్నాను. జనానికి ప్రాణం లేచి వచ్చింది. "చూసిండ్రా, తప్పు మనది కాదు," అన్నారు ఒకరు. "గజ్జిగుంటోళ్ళే చేసిండ్రు, మనం ఉట్టిగ బాధపడ్తిమి," అన్నారు ఇంకొకరు. కావలి ముసలాయన కూడా లేచి పొగ కుండను మళ్ళీ ఊదడం మొదలుపెట్టాడు. నేను చెప్పిన నిజం వాళ్ళ తప్పు కప్పుకోవడానికి దుప్పటిలా పనికొచ్చింది.

బుచ్చక్క ఒక్కతే కదలలేదు.

"మరి మా పెద్దకోడలి ఒడిల సుత పసుపే ఉండెనా?" అంది.

ఆమె పోయి ఆ కుండను చీర చెంగుతో పట్టుకుని నీళ్ళ తొట్టిలో ముంచింది.

పుష్యమి కార్తె, రెండో రోజు

నిన్న తెచ్చిన మన్నును జమున తన ఒడిలోకి తీసుకుని పెద్ద చెట్టు మొదట్లో పోసింది. గోక్కుంది కూడా, అందరి ముందే. పట్టినా పట్టకపోయినా ఈ ఇంటి నుంచి ఎవరూ ఎక్కడికీ పోరని బుచ్చక్క చెప్పేసింది. నాతో మాత్రం జమున ఇంకా సరిగా మాట్లాడలేదు. అన్నం పెట్టి పక్క గదిలోకి వెళ్ళిపోతోంది. అడిగే హక్కు నాకు లేదు.

ఈ రోజు పెద్దకోడలు సుగుణ మన్ను ఎక్కడ పోశారో చూపించమన్నాను. బుచ్చక్క తీసుకుపోయింది. మద్దిచెట్టు. చుట్టూ ఆకు నిజంగానే మోకాళ్ళ లోతు. అడుగు వేస్తే అప్పడాలు విరిగినట్టు చప్పుడు. ఇంత అడవిలో ఒక్క చీమ లేదు, ఒక్క ఇలకోడి కూయదు. ఇద్దరం వంగి చేతులతో ఆకు తోడడం మొదలుపెట్టాం. పై ఆకు, దాని కింది ఆకు, దాని కిందిది, అన్నీ గలగలమంటున్నాయి.

అడుగున నా వేళ్ళకు తడి తగిలింది.

చేటంత జాగా ఉంటుందేమో. అక్కడ ఆకు ఆకుగా లేదు. ఈనెల వల మిగిలి, దాని కింద నల్లగా, మెత్తగా, మన్ను వాసనతో ఉంది. ఒక గడ్డ తీసి విరిచి భూతద్దం పెట్టాను. లోపల నల్లులు. పిల్లలు, పెద్దవి, ముదురువి. గెంతుడు పురుగులు కూడా.

బుచ్చక్క నన్ను చూస్తోంది. చెప్పక తప్పింది కాదు. ఈ రకం నల్లి నిదానంగా పెరుగుతుంది. ఒక తరం గుడ్డు నుంచి పెద్దదయ్యేసరికి ఏడాది పైనే పడుతుంది. ఒక్క పుష్యమిలో ఆకు నల్లబడాలంటే తట్టలు తట్టలు పోయాలి. సుగుణ మన్ను గడ్డలుగా ఉంది కాబట్టి పొగ లోపలికి పోలేదు. నడుమ ఉన్నవి బతికి, ఎవరూ చూడకుండా, మూడేళ్ళుగా తమ పని తాము చేసుకుంటున్నాయి.

"అంటే ఆమె ఒడి పట్టింది," అంది బుచ్చక్క.

"పట్టింది వదినె."

ఆమె ఆ ఆకుల్లోనే కూర్చుండిపోయింది. కొడుకు పేరు పలికింది, తర్వాత కోడలి పేరు పలికింది. చెట్టంత మనిషి చిన్నపిల్లలా ఏడ్చింది. నేను పక్కన నిలబడ్డాను. ఓదార్చడానికి నేనెవరిని?

ఆశ్లేష కార్తె

సుగుణ పుట్టిల్లు బూరుగుగుంట. కోడలిని తిరిగి పిలుచుకు రావాలని బుచ్చక్క ఆ చేటంత జాగాలోంచి ఒక గడ్డ తీసి తన ఒడిలో కట్టుకుంది. నన్ను కూడా రమ్మంది. అక్కడ పురుగు సంగతి చెప్పడానికి నువ్వు కావాలంది గానీ, ఒంటరిగా పోవడానికి ఆమెకు కాళ్ళు రావడం లేదని నాకు అర్థమైంది.

సుగుణ వాకిట్లో మిషను ఈగల రెక్కలు తుడుస్తోంది. ముప్పై ఏళ్ళు ఉండవు. అత్తను చూసి లేచి నిలబడింది. కూర్చోమని పీట వేసింది. నేనెవరో అడిగింది, తునికిగుంట నేల చూపరినని చెప్పాను.

బుచ్చక్క ఒడి విప్పి గడ్డను పిల్ల చేతిలో పెట్టింది. సుగుణ దాన్ని విరిచింది. వాసన చూసింది. ఆమె వేలి మీదికి ఒక నల్లి ఎక్కి పాకుతుంటే వేలు తిప్పుతూ చూసింది.

"ఎక్కడిదిది?"

"నీ ఒడిదే బిడ్డా," అంది బుచ్చక్క. "మద్దిచెట్టు కింద. నన్ను..." అని చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సుగుణ అత్త వైపు చూడలేదు. నా వైపు తిరిగింది.

"నన్ను తోలిచ్చిన నాడు సుత ఇవి బతికే ఉన్నయా?"

నేల గురించి నన్ను అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పడం నా కొలువు. ఉన్నాయని చెప్పాను.

ఆమె తల ఊపింది. విరిగిన గడ్డను జాగ్రత్తగా దగ్గరికి చేర్చి, అత్త ఒడిలో పెట్టి, ముడి తనే వేసింది. లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చింది. పొద్దు పోకముందే బండి అందుకొమ్మంది.

నీళ్ళు తాగి లేచాం. ఆమె మళ్ళీ ఈగల ముందు కూర్చుంది.